వానకు ముందే ఇంటిని పరీక్షింపవలెను

హైదరాబాదులోని అంబర్‌పేట మూసీనదికి ఉత్తరపు ఒడ్డున ఉన్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినప్పుడు వేలకొలది ఇండ్లు నేలమట్టమైనవి. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. అయినను 2020 అక్టోబరు వానలకు అంబర్‌పేటను మలక్‌పేటతో కలుపు మూసారాంబాగ్ వంతెన నీట మునిగినది. ఆ వానలలోనే నగరమున గోడలు కూలి పలువురు చనిపోయిరి. జలాశయము వరదను కొంత అరికట్టగలదు గాని, నానిన గోడను నిలుపజాలదు.

వర్షాకాలమునకు ముందు నగరములో శిథిల భవనములను మున్సిపల్ కార్పొరేషనువారు గుర్తించుచుందురు. గ్రామములలో ఈ పనికి పంచాయతీ సభ్యులు పూనుకొనవలెనని మా మనవి. తొలి పరీక్షకు గొప్ప చదువు అక్కరలేదు. ఒక కర్రయు, బరువు కట్టిన దారమును చాలును.

మొదట ఇంటి చుట్టును తిరుగవలెను. చూరునీరు ఎటు పోవుచున్నది? గోడ మొదట నిలిచినచో పునాది క్రింది మన్ను మెత్తబడి గోడ క్రుంగును. వెంటనే కాలువ తీయించవలెను.

పిమ్మట గోడలు. పూతలోని వెండ్రుకవంటి గీతలకు భయపడ నక్కరలేదు. ద్వారబంధము మూలనుండి ఏటవాలుగా సాగి, గోడకు ఇరువైపులను కనిపించు బీట ప్రమాదకరము. దానిపై అడ్డముగా కాగితము అంటించి తేదీ వ్రాయుడు. కొలది దినములలో కాగితము చిరిగినచో గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. గోడ ఉబ్బినదో ఒరిగినదో వ్రేలాడదీసిన దారము తెలుపును. ప్రహరీగోడను మరువరాదు, దాని ప్రక్కన మట్టి కుప్పలు పోయనీయరాదు.

పెంకుటింటిలో దూలములు గోడలో దిగిన చోటనే చెదలు, తడి చేరును. అచ్చట కర్రతో పొడిచి చూడవలెను. సిమెంటు కప్పులో ఇనుము త్రుప్పు పట్టినచో ఉబ్బి పెచ్చులను రాల్చును. కర్రతో తట్టినప్పుడు బోలుధ్వని వచ్చినచో దాని క్రింద ఎవరును పండుకొనరాదు. తడిగోడపై విద్యుత్తు తీగలున్నచో మెయిను ఆపించి పనివానిని పిలిపింపవలెను.

అనుమానము కలిగిన ఇంటిని పంచాయతీ కార్యదర్శి ద్వారా ఇంజనీరుకు చూపుడు. కూలదని మనమే హామీ ఇయ్యరాదు. వాన వెలిసినంత మాత్రమున అపాయము తీరదు. నానిన గోడ మరునాడును కూలవచ్చును.

అన్నింటికంటె కష్టమైన పని ఇంకొకటి కలదు. పోవుటకు వేరొక చోటు లేని కుటుంబము బీటను బట్టతో కప్పి, ఇల్లు బాగుగనే ఉన్నదని చెప్పును. వారిని మందలించి ఫలము లేదు; నోటీసు అంటించినంతనే ప్రాణము దక్కదు. పాఠశాలలోనో, పంచాయతీ భవనములోనో కొన్ని రాత్రులు తలదాచుకొనుటకు చోటు చూపి, ఆ పిదప ఇల్లు ఖాళీచేయుమని చెప్పవలెను. సామానులకును, పశువులకును తావు చూపినచో ఆ మాట చెల్లును.

మృగశిర కార్తె ప్రవేశించుటకు పూర్వమే ప్రతి సభ్యుడును తన వార్డులోని పాత ఇండ్ల పట్టిక వ్రాసికొని, ఒక్కొక్క ఇంటికి పోయి చూచుట మేలు.