తూటాల పట్టీ బరువు ఎవరి భుజాన?

వెండితెర మీది వీరుడు రెండు భుజాల మీదుగా తూటాల పట్టీలు అడ్డంగా వేసుకొని, మెషిన్ గన్‌ను ఒంటిచేత్తో పేలుస్తూ శత్రువులను చెండాడతాడు. సరిహద్దులోని జవానుకు ఆ వేషం అచ్చిరాదు. బయట వేలాడే పట్టీకి మట్టి, ఇసుక, మంచు అంటుకుంటాయి. ముళ్లపొదలు తగిలి లింకులు వంగుతాయి. ఇత్తడి తొడుగులు ఎండకు తళుక్కుమని మెరిసి శత్రువుకు జాడ చెబుతాయి. పాకుతూ ముందుకు సాగవలసిన చోట గుండెల మీది పట్టీ నేలను రాసుకుంటుంది. వంగిన లింకు ఒక్కటి చాలు, అసలు సమయంలో తుపాకీ మూగబోవడానికి. అందుకే శిక్షణ పొందిన సైనికుడు పట్టీని మడిచి గుడ్డ సంచిలోనో, రేకు పెట్టెలోనో, నడుముకు కట్టిన పౌచ్‌లోనో భద్రపరుస్తాడు.

చూడటానికి చిన్నదిగా కనిపించే ఈ విషయానికి మన సైన్యంలో ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. 2020 మార్చిలో రక్షణ మంత్రిత్వ శాఖ 16,479 లైట్ మెషిన్ గన్‌ల కొనుగోలుకు ఇజ్రాయెల్ సంస్థతో రూ.880 కోట్ల ఒప్పందం కుదుర్చుకుంది. అంటే ఒక్కొక్కటి సుమారు రూ.5.34 లక్షలు. నెగెవ్ అనే ఈ గన్ 7.62 మిల్లీమీటర్ల తూటాలను పట్టీ ద్వారా అందుకుంటుంది. అంతకుముందు పదాతి దళం చేతిలో ఉన్న ఇన్సాస్ ఎల్.ఎం.జి.కి 30 తూటాల మ్యాగజైన్ ఉండేది. దానికి ముందు దశాబ్దాల తరబడి సేవలందించిన బ్రెన్ గన్ కూడా మ్యాగజైన్‌దే.

మూడు కిలోల లెక్క

మ్యాగజైన్ ఖాళీ అయినప్పుడల్లా కాల్పులు ఆగుతాయి. పట్టీతో ఆ విరామాలు తగ్గుతాయి. ఈ సౌలభ్యానికి చెల్లించే మూల్యం బరువు. 7.62 మిల్లీమీటర్ల తూటా దాదాపు 24 గ్రాములు తూగుతుంది. లింకుతో కలిపి వంద తూటాల పట్టీ సుమారు మూడు కిలోలు. వెయ్యి తూటాలంటే ముప్పై కిలోలకు చేరువవుతుంది. ఇన్సాస్ వాడిన 5.56 మిల్లీమీటర్ల తూటా ఇందులో సగం బరువే.

నేటి పట్టీలో ఒక లింకును మరో లింకుతో కలిపేది తూటాయే. అది పేలగానే తొడుగు ఒకవైపు, లింకు మరోవైపు రాలిపోతాయి. కాల్చిన మేరకు పట్టీ తరిగిపోతుంది కనుక ఖాళీ పట్టీ కాళ్లకు చుట్టుకునే బాధ లేదు. అయితే తరగడం కూడా అంతే వేగం. బెల్జియం నమూనాతో కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే మీడియం మెషిన్ గన్ నిమిషానికి కనీసం 650 తూటాల వేగంతో కాల్చగలదు. మీట వదలకుండా నొక్కి ఉంచితే వంద తూటాల పట్టీ తొమ్మిది సెకన్లకు మించి నిలవదు. గన్ బరువే పదకొండు కిలోల పైమాట. దాని ముక్కాలి పీట బరువు వేరు. వీటిని ఒక్క మనిషే మోస్తూ తూటాలూ మోయడం అసాధ్యం.

ఆరుగురి ఆయుధం

ఈ సత్యం కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెకె వద్ద 129వ బలూచి పటాలానికి చెందిన సిపాయి ఖుదాదాద్ ఖాన్ తన మెషిన్ గన్‌ను ఆపకుండా పేల్చి, భారతీయ సైనికుల్లో మొట్టమొదటి విక్టోరియా క్రాస్ సాధించారు. ఆ గన్ వద్ద ఆయనతో పాటు మరో ఐదుగురు ఉండేవారు. ఐదుగురూ నేలకొరిగారు. గాయపడిన ఖుదాదాద్ చివరిదాకా గన్ విడువలేదు. పతకం ఒకరికి దక్కింది గానీ, ఆ ఒక్క గన్‌కు ఆరుగురు కావలసి వచ్చిందన్నది గమనార్హం. నాటి పట్టీలు గుడ్డవి, ఒక్కోదానికి 250 తూటాలు. తడిస్తే గుడ్డ బిగుసుకుని తూటా కదలకుండా మొరాయించేది.

నేటికీ పద్ధతి అదే. మొదటి జవాను గన్ పేలుస్తాడు. రెండవ జవాను పట్టీ మెలిపడకుండా చేతులతో అందిస్తాడు, అయిపోకముందే కొత్త పట్టీ తగిలిస్తాడు. దళంలోని మిగతావారు తమ రైఫిలు, నీళ్లు, ఆహారంతో పాటు తలా ఒకటో రెండో పట్టీలు మోస్తారు. గన్‌ను నిలిపే చోట వాటిని దించి తమ పనికి కదులుతారు. మ్యాగజైన్ల కాలంలో ఇన్సాస్ రైఫిలు జవాను తన మ్యాగజైన్‌నే ఎల్.ఎం.జి.కి అందించగలిగేవాడు. పట్టీ విషయంలో ఆ వెసులుబాటు లేదు. అది పూర్తిగా గన్ కోసం మోసే బరువే.

మైదానంలో మూడు కిలోలు మూడు కిలోలే. గాలి పలచబడిన ఎత్తులలో ప్రతి కిలో ఊపిరిని పిండుతుంది. 1999 కార్గిల్ యుద్ధంలో జవాన్లు నిట్టనిలువు కొండలను రాత్రిపూట ఎక్కారు. పాయింట్ 4875 అనే శిఖరానికి పేరు దాని ఎత్తును బట్టే వచ్చింది: 4,875 మీటర్లు. అక్కడ రైఫిల్‌మన్ సంజయ్ కుమార్ గాయాలతోనే ముందుకురికి, శత్రువు వదిలి పారిపోయిన యూనివర్సల్ మెషిన్ గన్‌ను అందుకొని పారిపోతున్నవారిపైకే తిప్పారు. ఆయనను పరమవీర చక్ర వరించింది. అంత ఎత్తున గన్ ఒక్కటే ఉంటే చాలదు, దానికి మేతగా తూటాలు కూడా ఎవరో ఒకరు పైకి చేర్చి ఉండాలి.

బరువు పంచుకోవడంలోనూ చిక్కుంది. 2011లో ఆఫ్ఘనిస్థాన్‌లో రెండు గంటలకు పైగా సాగిన ఒక పోరులో, గన్ పట్టినవాడికీ పట్టీలు మోసేవారికీ మధ్య దూరం పెరగకుండా చూసుకోవడమే కష్టమైందని అమెరికా సైనికులు గ్రహించారు. వారిలో ఒకరు 500 తూటాలు పట్టే పెట్టెను వీపు సంచిలో అమర్చి, వంగే లోహపు గొట్టం ద్వారా పట్టీ నేరుగా గన్‌లోకి వెళ్లే ఏర్పాటు చేశారు. అమెరికా సైనిక పరిశోధకులు దానినే మెరుగుపరచి యుద్ధరంగానికి పంపారు. సహాయకుడి కోసం ఎదురుచూపు తప్పింది గానీ, సుమారు ఇరవై కిలోల భారం ఒక్కడి వీపు మీదికి చేరింది. బరువు చోటు మారిందే తప్ప మాయం కాలేదు.

బరువును యంత్రం మోస్తే సమస్యే లేదు. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే 'శరత్' పోరాట వాహనం తన మెషిన్ గన్ కోసం 2,000 తూటాలను కడుపులో పెట్టుకొని పోతుంది. అయితే కొండదారిలో చక్రాలు, ట్రాకులు ఆగిన చోట కంచరగాడిదలు, కూలీలు, చివరకు జవాను భుజాలే దిక్కు. 2025 జనవరిలో పుణెలో జరిగిన సైనిక దినోత్సవ కవాతులో నాలుగు కాళ్ల మర కంచరగాడిదలు నడిచాయి. అవి మోయగలిగేది పది, పదిహేను కిలోలు. అంటే మూడు నుంచి ఐదు పట్టీలు.

ఒప్పంద పత్రాలలో గన్‌ల సంఖ్య, కోట్ల రూపాయలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గన్ ఒక్క నిమిషం మాట్లాడటానికి వెనుక ఎందరు ఎన్ని కిలోలు మోశారన్నది ఏ పత్రంలోనూ కనిపించదు. యుద్ధరంగంలో కాల్పుల చప్పుడు ఒకరి చేతిలో వినిపించినా, దాని భారం మాత్రం దళమంతటిదీ.