బర్కాలో మా అగ్నిపర్వతం రోజు

"అమ్మా, లావా చల్లగా ఉందేంటి?"

మొదటిసారి ఇంట్లో అగ్నిపర్వతం చేసినప్పుడు మా చిన్నది నురగలో వేలు పెట్టి అడిగిన ప్రశ్న ఇది. "ఉత్తుత్తి లావా కదా బంగారూ" అని దాటేశాను. తొమ్మిదేళ్ల మా పెద్దాడు మాత్రం వదల్లేదు. "నువ్వు బీఎస్సీ కెమిస్ట్రీ కదా, ఎందుకో చెప్పు" అన్నాడు. నేను ట్రే కడుగుతూ మాట మార్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలియని విషయమేం కాదు. వంటసోడా, వెనిగర్ కలిసినప్పుడు జరిగే చర్య చుట్టుపక్కల నుంచి వేడిని లాక్కుంటుంది, అందుకే చల్లబడుతుంది. మా మేడమ్ ల్యాబ్‌లో బీకరు చేతికిచ్చి పట్టుకోమన్నది కూడా గుర్తుంది. పెళ్లయి ఒమన్ వచ్చి పదేళ్లు. నా డిగ్రీ సర్టిఫికెట్ బీరువాలో బట్టల కింద భద్రంగా ఉంది. చదువు కూడా అక్కడే ఉండిపోయిందా అనిపించింది.

అందుకే డిసెంబరు సెలవుల్లో మళ్లీ చేశాం, ఈసారి రోజంతా. మా ఇద్దరు, ఎదురింటి వదిన పిల్లలు ఇద్దరు, పై అంతస్తు మలయాళీ కుటుంబం వాళ్ల బాబు. ఒక్కటే నియమం పెట్టుకున్నాను. గోడకి చార్టు అంటించి రెండు గడులు గీశాం: "నిజం అగ్నిపర్వతంలాగే ఉంది", "అలా లేదు". ప్రతి ప్రయోగం అయ్యాక పిల్లలే రెండు గడులూ నింపాలి.

పొద్దున: నురగ కొండ

రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, తగినన్ని నీళ్లు కలిపి ముద్ద చేసి, చిన్న నీళ్ల సీసా చుట్టూ కొండలా అద్దాం. సీసాలో రెండు చెంచాల వంటసోడా, చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్, కాస్త ఎర్ర రంగు. పైనుంచి అరకప్పు వెనిగర్. కింద పెద్ద ట్రే తప్పనిసరి. కళ్లలో పడకుండా పిల్లలకి ఈత కళ్లద్దాలు పెట్టాను. సీసాకి మూత మాత్రం ఎప్పుడూ బిగించకండి, లోపల గ్యాస్ నిండి పేలుతుంది.

వెనిగర్ పోసే ముందూ తర్వాతా వంటింటి థర్మామీటరు పెట్టించాను. నాలుగు డిగ్రీలు దిగింది. "చూశావా, నేను చెప్పానుగా" అని మా చిన్నది ఎగిరి గంతేసింది. బసాల్ట్ లావా వేడి దాదాపు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ ఉంటుందని చెబితే అందరూ నోళ్లు తెరిచారు. చార్టులో రాసుకున్నాం. లాగే ఉంది: గ్యాస్ తోసుకొస్తే పైకి పొంగింది. అలా లేదు: వేడి లేదు, రాయి లేదు, లోపల జరిగేది ఇది కాదు.

తర్వాత: సోడా సీసా

మరి లోపల జరిగేదేంటి? భూమి అడుగున కరిగిన రాతిలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు కలిసిపోయి ఉంటాయి. పైనున్న బరువు వాటిని అణిచిపెడుతుంది. కరిగిన రాయి పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి, ఆ బుడగలే దాన్ని బయటికి తోస్తాయి. ఇది చూపించడానికి కూల్‌డ్రింకు సీసా చాలు. మూత ఉన్నంతసేపూ బుడగ కనిపించదు. బాల్కనీలో కాస్త ఊపి మూత తిప్పాం, మిగతాది మీకు తెలిసిందే. మా చిన్నప్పటి గోలీసోడా కథ కూడా చెప్పాను. గోలీని లోపలినుంచి గ్యాసే మూతలా నొక్కి పట్టి ఉంచుతుందంటే, ఆ సీసా చూడాల్సిందేనని పట్టుబట్టారు.

వంటింట్లో: పాకం పాఠం

కొన్ని అగ్నిపర్వతాలు నెమ్మదిగా పారతాయి, కొన్ని బద్దలవుతాయి. ఎందుకు? అరిసెల పాకం పట్టిన అమ్మలకి ఇది వేరే చెప్పాలా! లేత పాకం జారిపోతుంది, ముదురు పాకం కదలదు. పిల్లలతో వేడి పాకం వద్దు కాబట్టి ఒక గ్లాసులో నీళ్లు, ఇంకోదాంట్లో ఖర్జూరం పాకం పోశాం. ఇక్కడ ఏ కొట్లోనైనా దొరుకుతుంది. రెండిట్లోనూ స్ట్రాతో ఊదమన్నాను. నీళ్లలో గాలి సులువుగా తప్పించుకుంది. పాకంలో బుడగ ఇరుక్కుని, ఉబ్బి, చివరికి టప్పుమని పగిలి మలయాళీ బాబు ముక్కు మీద చిందింది. పలచటి లావా పారుతుంది, చిక్కటి లావా గ్యాస్‌ని పట్టి ఉంచి పేలుతుంది. ఆ ముక్కు చూశాక ఇక ఎవరూ మర్చిపోరు.

మధ్యాహ్నం: మ్యాపు, తాతయ్య

భోజనాలయ్యాక మ్యాపు పరిచాం. మన దేశంలో ఇప్పటికీ సజీవంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ ద్వీపం. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ మేల్కొంది. "మరి మన ఆంధ్రాలో?" అని వదిన కొడుకు అడిగాడు.

నేను వెంటనే కొవ్వూరులో ఉన్న మా నాన్నకి వీడియో కాల్ చేశాను. ముందే చెప్పి ఉంచాను లెండి. పెరట్లో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర కుప్పలోంచి ఒక నల్లరాయి తీసి చూపించారు. "గౌరీపట్నం క్వారీ నుంచి వచ్చిందిరా, రోడ్లన్నీ దీంతోనే వేశారు" అన్నారు. ఆ రాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. గోదావరికి ఇటు పంగిడి, గౌరీపట్నం, అటు రాజమండ్రి దగ్గర కాతేరు, వీటిని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, డైనోసార్లు అంతమైన కాలంలో, దక్కను పీఠభూమిని కప్పేసిన లావా వందల కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. రెండు లావా పొరల మధ్య సముద్రపు గవ్వల శిలాజాలు కూడా దొరుకుతాయి.

"తాతయ్యా, మీరు లావా మీద నడుస్తున్నారా!" అన్నాడు మా పెద్దాడు. డెబ్బై ఏళ్లుగా ఆ కంకర మీదే తిరిగిన మా నాన్న రాయిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "నాకెవరూ చెప్పలేదురా" అన్నారు.

సాయంత్రం: నఖల్ దారిలో

మా డాబా ఎక్కితే ఉత్తరాన సముద్రం, దక్షిణాన కొండలు. ఆ కొండల్లోకే కారులో బయల్దేరాం. నఖల్ దగ్గరపడేకొద్దీ ముదురు గోధుమరంగు, నలుపు గుట్టలు కనిపిస్తాయి. చెట్టూ చేమా లేని ఆ గుట్టల్ని చూసి ఇన్నేళ్లూ "ఏముంది ఇక్కడ, రాళ్లు తప్ప" అనుకున్నదాన్నే. ఆ రాళ్ల కోసమే ప్రపంచం నలుమూలల నుంచి భూగర్భ శాస్త్రవేత్తలు వస్తారు. దాదాపు 9.5 కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పుట్టిన నేల, దాని కింద ఉండే మాంటిల్ రాయితో సహా, భూఫలకాలు ఢీకొన్నప్పుడు పైకి నెట్టుకొచ్చింది. సమాయిల్ ఓఫియోలైట్ అంటారు. సోహార్ దగ్గర వాదీ జిజ్జీలోనైతే, నీళ్లలో పొంగిన లావా దిండ్లు పేర్చినట్టు గుండ్రంగా గడ్డకట్టి ఉంటుంది. ఆ ప్రయాణం ఇంకో సెలవు రోజుకి దాచుకున్నాం.

నఖల్‌లో అయిన్ అల్ తవారా వేడినీటి ఊట దగ్గర కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. "అయితే కింద అగ్నిపర్వతం ఉందా ఆంటీ?" అని వదిన కూతురు. లేదు, ఒమన్‌లో ఇప్పుడు మండే అగ్నిపర్వతం ఏదీ లేదు. వాన నీరు లోతుకి ఇంకి, భూమి లోపలి వేడికి కాగి, రాళ్ల పగుళ్లలోంచి తిరిగి పైకి వస్తుంది. వేడినీళ్లు కనిపించిన ప్రతిచోటా అగ్నిపర్వతం ఉండాలని లేదు. ఇంటికొచ్చాక అదీ "అలా లేదు" గడిలోకి ఎక్కింది.

ఆ రాత్రి చార్టు చూశాను. "అలా లేదు" గడే ఎక్కువ నిండింది. మొదటిసారి నేను భయపడి దాటేసింది ఆ గడినే. పిల్లలు ఎక్కువ నేర్చుకున్నదీ దాంట్లోనే.

మీరు చేస్తే ఖర్చు రెండు రియాళ్లు దాటదు. వెనిగర్, సోడా ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే చేసే ముందు ఒకసారి మీ ఊరి రాయి ఏమిటో అమ్మానాన్నల్ని అడగండి. పిల్లలు "ఎందుకు" అంటే తెలిసింది చెప్పండి, తెలియకపోతే కలిసి వెతకండి. వచ్చే వేసవికి మా నాన్న ఆ నల్లరాయిని సూట్‌కేసులో పెట్టి పంపిస్తానన్నారు. ఆవకాయ జాడీ పక్కన దానికి చోటు చేయాలి.