ఫ్యూజు పోలేదు, కనెక్టర్ కరిగింది

మన హాస్టల్లో చదువుకుని ఇప్పుడు ఇంగ్లండులో కార్ల వర్క్‌షాపులో పనిచేస్తున్న ఒక అన్న పోయిన చలికాలంలో ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నువ్వు ఫిజిక్స్ ఎమ్మెస్సీ కదా. ముందద్దం వేడెక్కే కారు ఒకటి వచ్చింది. అద్దానికి కరెంటు అందించే కనెక్టర్ కరిగిపోతే కొత్తది వేశాను. నెల తిరక్కుండా మళ్లీ కరిగింది. ఫ్యూజు మాత్రం బాగానే ఉంది. ఎందుకంటావ్?" మా ఇంట్లో డిగ్రీ చూసినవాణ్ని నేనే మొదటివాణ్ని. నా చదువుతో ఒకరికి పని పడటం కూడా అదే మొదలు. ఆ రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

ముందద్దం వేడెక్కడం ఏమిటని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అనుమానం రావచ్చు. చలిదేశాల్లో రాత్రి ఆరుబయట ఉంచిన కారు అద్దంపై తెల్లారేసరికి మంచు గడ్డకడుతుంది. దాన్ని కరిగించడానికి అద్దం పొరల మధ్య కంటికి ఆనీ ఆనని సన్నటి తీగలు పరుస్తారు. ఫోర్డ్ కంపెనీ యూరప్‌లో 1980లలోనే ఇలాంటి అద్దాలు తెచ్చింది. మన దగ్గర కొన్ని కార్ల వెనకద్దంపై కనిపించే అడ్డగీతలు చేసేదీ ఇంచుమించు ఇదే పని.

ఇక లెక్క. 13.5 వోల్టుల మీద తీగలు 27 ఆంపియర్లు తీసుకుంటున్నాయనుకుందాం. అంటే నిరోధం అర ఓమ్. కనెక్టర్లో పిన్ను వదులై, చిలుం పట్టి, మరో 0.05 ఓమ్ చేరిందనుకోండి. కరెంటు సుమారు 24.5 ఆంపియర్లకు పడిపోతుంది. గమనించారా? పెరగలేదు, తగ్గింది! కరెంటు మితిమీరితేనే కదా ఫ్యూజు పోయేది? దానికి ఈ సంగతే తెలియదు. కానీ ఇంటర్లో చదివిన ఐ స్క్వేర్ ఆర్ సూత్రం వేస్తే ఆ చిన్న జాయింటులోనే 30 వాట్ల వేడి పుడుతోంది. రేడియో షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే! వేడికి పిన్ను బిగువు ఇంకా సడలుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది.

"పెద్ద ఫ్యూజు వేసెయ్యనా?" అన్నాడు అన్న. వద్దే వద్దన్నాను. జాయింటు బాగుపడదు సరికదా, రేపు షార్టయితే వైరే తగలబడుతుంది.

ఈ లోపాన్ని మామూలు మల్టీమీటరుతో ఓమ్‌లు కొలిచి పట్టుకోలేం. మీటరు వైర్ల నిరోధమే అంతకన్నా ఎక్కువ. ఇంజను నడుస్తూ, అద్దం స్విచ్ వేసి ఉండగా, మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి కనెక్టర్‌కు ఇటొక ముల్లు, అటొక ముల్లు ఆనించాలి. టైమరు కొద్ది నిమిషాల్లో ఆపేస్తుంది కాబట్టి త్వరగా చూసుకోవాలి. జాయింటు మంచిదైతే 0.1 వోల్టు లోపే ఉంటుంది. మన లెక్కలో 1.2 వోల్టులు చూపిస్తుంది. రిలే కాళ్లు, ఫ్యూజు కాళ్లు, బాడీకి బిగించిన ఎర్తు బోల్టు కూడా ఇలాగే చూడాలి.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. అన్న మార్చింది ఒకవైపే! నల్లబడిన పాత పిన్నుకే కొత్త కనెక్టర్ తొడిగాడు. బ్యాటరీ వైరు విప్పి, రాగి మెరిసేదాకా వైరు కత్తిరించి, రెండువైపులా కొత్త పిన్నులు గట్టిగా క్రింప్ చేయమన్నాను. చేశాడు. 0.06 వోల్టు వచ్చిందని మీటరు ఫోటో పంపాడు.

అన్నట్టు, మన హాస్టల్లో ఇస్త్రీపెట్టె పెట్టే సాకెట్ నల్లబడటం వెనకా ఈ లెక్కే ఉంది. ఎం.సి.బి. పడలేదు కదా అని వాడేస్తుంటాం. అక్కడ మాత్రం మీటరు ముల్లు పెట్టకండి, అది 230 వోల్టులు. స్విచ్ ఆపేసి వార్డెన్ గారికి చెప్పండి. ఎలక్ట్రీషియన్ వస్తే సాకెట్‌తోపాటు ప్లగ్గు కూడా మార్చమని అడగండి.