జబ్ర్ అంటే బలవంతం కాదు

"మౌల్వీసాబ్! మా అమ్మాయికి లెక్కలు ఒంటపట్టడం లేదు. పదో తరగతి కాగానే చదువు మాన్పించేద్దామనుకుంటున్నాం."

ఒక తండ్రి తన కుమార్తె మార్కుల కాగితం చేతపట్టుకుని వచ్చి నాతో అన్న మాటలివి. తక్కిన సబ్జెక్టులన్నింటిలో ఆ అమ్మాయికి మంచి మార్కులే ఉన్నాయి. ఒక్క గణితం దగ్గరే ఎర్ర సిరా కనిపించింది. "ఎక్కడ అడ్డం తగులుతోంది బేటీ?" అని అడిగాను. తలవంచుకుని చెప్పింది: "ఎక్స్ స్క్వేర్ కనిపిస్తే చాలు సార్, ఏమీ తోచదు. స్టెప్పులు బట్టీ పట్టాను. పరీక్షలో ఒక స్టెప్పు మరచిపోయాను. ఇక అంతా పోయింది."

ఇలాంటి ఇళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. లెక్కల పేపరు పోతే అబ్బాయిని మెకానిక్ షెడ్డులో పెట్టేస్తారు, అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టేస్తారు. నిజానికి ఆ పిల్లలకు తెలివి తక్కువేమీ కాదు. పాఠం వారి చేతికి అందలేదు, అంతే. దాన్ని చేతికి అందించడం ఎలాగో ఆలోచించవలసిన బాధ్యత ఉపాధ్యాయులదీ, తల్లిదండ్రులదీ.

ఒక మాట, రెండు అర్థాలు

ఉర్దూ తెలిసినవారికి 'జబ్ర్' అంటే బలవంతం, దౌర్జన్యం. ఆల్జీబ్రా అన్న పేరు ఈ మాట నుంచే వచ్చింది. ఇది వింటే "సరిగ్గానే పేరు పెట్టారు" అని పిల్లలు నవ్వుతారు! అయితే అరబీలో ఈ మాటకు మరో అర్థం కూడా ఉంది. అదే విరిగిన ఎముకను అతికించడం. స్పెయిన్ దేశంలో పూర్వం ఎముకలు కట్టేవారిని 'అల్‌జెబ్రిస్టా' అని పిలిచేవారు.

క్రీ.శ. 820 ప్రాంతంలో, ఖలీఫా మామూన్ కాలంలో, బాగ్దాద్‌లో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒక గణిత గ్రంథం రాశారు. దాని పేరులోనే 'అల్ జబ్ర్ వల్ ముఖాబలా' అన్న మాటలున్నాయి. సమీకరణంలో ఒకవైపు తీసివేతగా ఉన్నదాన్ని రెండోవైపు చేర్చి లోటు పూడ్చడం జబ్ర్. రెండువైపులా ఉన్న ఒకే రకం రాశులను సరిచూసి తగ్గించడం ముఖాబలా. వారసత్వపు పంపకాలు, వ్యాపారం, భూముల కొలతలు, కాలువల తవ్వకం వంటి నిత్య వ్యవహారాల్లో ప్రజలకు ఉపయోగపడాలన్నదే ఆయన ఉద్దేశం. మన దేశపు అంకెలతో లెక్కించే పద్ధతిపై కూడా ఆయన ఒక పుస్తకం రాశారు. ఇలా జనజీవితంలోంచి పుట్టిన విద్య మన పిల్లలకు భూతంలా కనిపించడం విచారకరం.

కాగితం ముక్కలతో వర్గ సమీకరణం

ఆ గ్రంథంలో ప్రసిద్ధమైన లెక్క ఒకటుంది. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్య పది రెట్లు కలిపితే 39 వస్తుంది. ఆ సంఖ్య ఎంత? దీన్ని ఆయన బొమ్మలు గీసి వివరించారు. మనం కాగితం, కత్తెరతో చేయవచ్చు.

6 సెంటీమీటర్ల భుజంతో ఒక ఎర్ర కాగితపు చతురస్రం కత్తిరించండి. 6 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పుతో రెండు పచ్చ ముక్కలు కత్తిరించండి. పిల్లలతో స్కేలు పట్టుకోవద్దని ముందే చెప్పండి. ఎర్ర ముక్క భుజం మనకు తెలియని సంఖ్య. దాని వైశాల్యం ఆ సంఖ్య వర్గం. ఒక్కో పచ్చ ముక్క ఆ సంఖ్యకు ఐదు రెట్లు. మూడూ కలిస్తే 39. ఇప్పుడు ఒక పచ్చ ముక్కను ఎర్ర చతురస్రానికి కుడివైపున, రెండోదాన్ని కిందివైపున ఆనించమనండి.

ఆ అమ్మాయి అలాగే పేర్చి కాసేపు చూసింది. "సార్, మూల ఖాళీగా ఉంది!" అంది.

ఆ ఒక్క మాట కోసమే ఈ శ్రమంతా. ఆ మూల కొలత ఎంత? ఐదైదులు ఇరవై ఐదు. అది పూడిస్తే 39కి 25 కలిసి 64 అవుతుంది. 64 వైశాల్యం గల చతురస్రం భుజం 8. అందులో పచ్చ ముక్క వెడల్పు 5 తీసేస్తే మిగిలేది 3. అదే జవాబు. మూడు మూళ్లు తొమ్మిది, దానికి ముప్పై కలిపితే ముప్పై తొమ్మిది. ఇప్పుడు స్కేలు ఇచ్చి, రెండు సెంటీమీటర్లను ఒకటిగా తీసుకుని కొలవమంటే, 6 సెంటీమీటర్ల ఎర్ర భుజం సరిగ్గా 3 వస్తుంది. 'వర్గాన్ని పూర్తిచేయడం' అనే స్టెప్పును ఆ పిల్ల ఇక బట్టీ పట్టనక్కరలేదు. ఖాళీ మూల ఆమె కళ్లముందే ఉంటుంది.

తెర మీద తేలిన రెండో జవాబు

ఇక ఫోను సంగతి. జియోజీబ్రా అనే ఉచిత సాధనం ఒకటుంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో దీన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. ఒకసారి ఫోనులో ఎక్కించుకుంటే గ్రాఫులు గీయడానికి మళ్లీ నెట్ అవసరం ఉండదు. ఇందులో 'వై సమానం ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10 ఎక్స్ మైనస్ 39' అని కొడితే ఒక లోతైన దోనె ఆకారం వస్తుంది. అడుగు చాలా కిందికి ఉంటుంది కాబట్టి వేళ్లతో బొమ్మను చిన్నది చేసుకోవాలి.

ఆ దోనె అడ్డగీతను రెండుచోట్ల కోస్తుంది. ఒకటి 3 దగ్గర, రెండోది మైనస్ 13 దగ్గర. ఆ అమ్మాయి వెంటనే అడిగింది: "సార్, కాగితంలో ఇది రాలేదేం?" అప్పుడు నేనూ ఎదురు ప్రశ్న వేశాను: "కాగితం ముక్క భుజం మైనస్ 13 సెంటీమీటర్లు ఉంటుందా?" ఆలోచించి నవ్వింది. మైనస్ 13ను వర్గం చేస్తే 169. పది రెట్లు మైనస్ 130. కలిపితే 39. జవాబు సరైనదే, కానీ కత్తెరతో కత్తిరించలేనిది. ఖ్వారిజ్మీ కూడా 3నే జవాబుగా చెప్పారు. దోనె అడుగు ఎక్కడుందో చూడమన్నాను. మైనస్ 64 దగ్గర! కాగితంలో పూర్తయిన చతురస్రం వైశాల్యం కూడా 64 కదా! అక్కడి నుంచి రెండు జవాబులూ సరిగ్గా ఎనిమిదేసి గడుల దూరంలో ఉన్నాయి. పెద్ద చతురస్రం భుజం కూడా ఎనిమిదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కాగితం లేకుండా నేరుగా తెర చూపిస్తే ఆ పిల్లకు అది మరో రంగుల బొమ్మ మాత్రమే. తెర లేకుండా కాగితంతోనే ఆగిపోతే రెండో జవాబు కనబడేది కాదు. కాబట్టి ముందు చేయి, తర్వాత తెర, చివరికి నోరు. ఏం జరిగిందో తన మాటల్లో చెప్పగలిగినప్పుడే పాఠం పూర్తయినట్టు.

ఇంటి లెక్కలే పాఠాలు

జకాత్ సంగతే తీసుకోండి. నలభయ్యో వంతు అని పిల్లలందరికీ తెలుసు. దాన్ని గ్రాఫు కాగితం మీద గీయమనండి. లెక్క సులువు కోసం నిసాబ్ విలువ లక్ష రూపాయలు అనుకుందాం. ఏడాది గడిచిన సొమ్ము అంతకు తక్కువైతే జకాత్ సున్నా. గీత నేలబారుగా పోతుంది. లక్ష చేరగానే ఒక్కసారిగా 2,500కు లేస్తుంది. ఆపైన ప్రతి వెయ్యికీ 25 చొప్పున ఎక్కుతుంది. "గీత మధ్యలో ఎందుకు తెగింది?" అని అడగండి. లక్షకు పైబడిన దానిమీదే కాదు, మొత్తం సొమ్ము మీద జకాత్ అన్న సంగతి అక్కడే స్పష్టమవుతుంది. ఆ తర్వాత ఫోనులో సరిచూడమనండి.

త్రికోణమితికి మసీదు మినార్ ఉంది. కోణమానిని మధ్యలో దారం కట్టి, చివర చిన్న రాయి వేలాడదీయాలి. తిన్నని అంచు వెంబడి మినార్ కొనను చూస్తూ, దారం 45 గుర్తు మీద పడేవరకు నడవాలి. అక్కడి నుంచి మినార్ అడుగు వరకు 18 మీటర్లు, పిల్లవాడి కంటి ఎత్తు 1.4 మీటర్లు అయితే మినార్ 19.4 మీటర్లు. ఇంకా వెనక్కి జరిగి, దారం 60 మీద పడినచోట ఆగితే ఎత్తుకోణం 30 డిగ్రీలు. అప్పుడు దూరం 31 మీటర్ల పైచిలుకు రావాలి. రాకపోతే పొరపాటు ఎక్కడో పిల్లలే వెతుక్కుంటారు.

తల్లిదండ్రులకు విన్నపం

లెక్కను ఫోటో తీస్తే స్టెప్పులతో సహా జవాబు చెప్పే యాప్‌లు నేడు ఉన్నాయి. సొంతంగా చేశాక సరిచూసుకోవడానికైతే మంచివే. ముందే తెరిస్తే మాత్రం బట్టీకీ దీనికీ తేడా లేదు. తండ్రికి లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. "ఇది ఎందుకలా వచ్చింది బేటా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ అబ్బా జేబులో పనికి వెళ్లిపోతుంది. ఆయన ఇంటికి వచ్చాక అరగంట పిల్లలకు ఇవ్వండి. నలుగురు కలిసి ఒకే ఫోను వాడుకోవచ్చు. ఒకరు గీత ఎటు పోతుందో ముందుగా ఊహించి చెప్పాలి. ఒకరు కదపాలి, ఒకరు రాయాలి, ఒకరు తప్పు పట్టాలి. పాఠ్యపుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ కోడ్‌లను, 2017లో ప్రారంభమైన ప్రభుత్వ 'దీక్ష' వేదికలోని పాఠాలను కూడా ఉపయోగించుకోవాలి.

ఆ రోజు తండ్రి మూలన కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారు. వెళ్లేటప్పుడు ఆ కాగితం ముక్కలు తానే ఏరి జేబులో పెట్టుకున్నారు. "చదువు మాన్పించే మాట ఇప్పుడే వద్దులెండి మౌల్వీసాబ్" అన్నారు.

కర్ర పట్టుకుని లెక్కలు నేర్పడం ఉర్దూ జబ్ర్. విరిగిన ధైర్యాన్ని అతికించి నేర్పడం అరబీ జబ్ర్. మన ఇళ్లలో, మన తరగతి గదుల్లో ఏది నడుస్తోందో ఒక్కసారి ఆలోచించుకుందాం.