పోగుల మధ్య ఎడం

మెట్లెక్కుతున్నప్పుడు కాళ్ల కండరాలు పిండిన రక్తం గుండెకు ఎక్కువగా వచ్చి చేరుతుంది. వచ్చినదాన్నంతా గుండె అప్పటికప్పుడు బయటికి నెట్టేస్తుంది. అందుకు మెదడు చెప్పేదాకా ఆగనక్కర్లేదు. 1895లో ఒట్టో ఫ్రాంక్ కప్ప గుండె మీద, 1914లో లండన్‌లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ బృందం కుక్క గుండె మీద చేసిన ప్రయోగాలు తేల్చింది ఇదే: గుండె గోడ ఎంత సాగితే ఆ తర్వాతి సంకోచం అంత బలంగా ఉంటుంది. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలోనే పిల్లలు ఫ్రాంక్-స్టార్లింగ్ నియమాన్ని వల్లె వేస్తారు. సాగితే బలం ఎందుకు పెరగాలన్న ప్రశ్న మాత్రం నూరేళ్లు దాటినా శాస్త్రవేత్తలను వదల్లేదు.

గుండె కండరంలో పనిచేసే అతి చిన్న భాగం సార్కోమియర్. పొడవు దాదాపు 2 మైక్రాన్లు. అందులో మయోసిన్‌తో ఏర్పడిన లావు పోగులు, యాక్టిన్‌తో ఏర్పడిన సన్న పోగులు పక్కపక్కనే బారులు తీరి ఉంటాయి. లావు పోగు మీది మయోసిన్ తలలు సన్న పోగును పట్టుకుని లాగడమే సంకోచం. పట్టుకోనివ్వాలా వద్దా అన్నది కాల్షియం చేతిలో ఉంది. మామూలుగా గుండె కొట్టుకునేటప్పుడు కణంలోకి వచ్చే కాల్షియం పోగులన్నిటినీ లేపడానికి చాలదు. సాగిన కండరం అంతే కాల్షియానికి ఎక్కువగా స్పందిస్తుంది. కిటుకంతా అక్కడే ఉంది.

దీనికి ఒక చక్కని వివరణ ఉండేది. కణం ఘనపరిమాణం మారదు కాబట్టి పొడవు పెరిగితే సన్నబడాలి. సన్నబడితే పోగులు దగ్గరవుతాయి, సన్న పోగు తలలకు అందుతుంది. పొందికైన మాటే. తేల్చాలంటే కండరాన్ని సాగదీయకుండా అడ్డంగా మాత్రమే నొక్కి చూడాలి.   ఇక్కడ తగ్గించాల్సింది పోగుల మధ్య నానోమీటర్లలో కొలిచే ఎడాన్ని.

ఆ పని చేసే పద్ధతి నాకెంతో ఇష్టం. ఎలుక గుండె గది లోపలి నుంచి సన్నని కండరపు పోచను కోసి తీస్తారు. ట్రైటాన్ అనే డిటర్జెంట్‌లో నానబెడితే కణాల పైపొర కరిగిపోయి పోగులు మిగులుతాయి. ఇక కాల్షియం ఎంత అందాలో ప్రయోగం చేసేవారే నిర్ణయిస్తారు. పోచ ఒక కొసను బలం కొలిచే పరికరానికి, రెండో కొసను పొడవు మార్చే మోటారుకు తగిలిస్తారు. అయితే పైపొర పోగానే పోగుల అల్లిక నీరు పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు ద్రావణంలో డెక్స్‌ట్రాన్ కలుపుతారు. చక్కెర అణువుల గొలుసు అది, పోగుల మధ్యకు దూరలేనంత పెద్దది. మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్కల్లోంచి ఊట దిగినట్టు అల్లికలోని నీరు బయటికొచ్చేస్తుంది. పొడవు మారకుండానే పోగులు దగ్గరికి జరుగుతాయి.

1995లో అమెరికాలో మెక్‌డొనాల్డ్, మాస్ ఒక్కొక్క గుండె కణాన్నే ఇలా నొక్కి చూశారు. పొట్టిగా ఉన్నప్పుడు తగ్గిపోయే కాల్షియం స్పందన నొక్కగానే తిరిగొచ్చింది. వివరణ రుజువైపోయినట్టే అనిపించింది. మరీ నొక్కితే బలం పడిపోతుందనీ తెలుసు. తలలు కదలడానికి చోటుండాలి కదా.

2002లో కోన్‌హిలస్, ఇర్వింగ్, డి టోంబె ఆ ఎడాన్ని ఎక్స్‌రేలతో నేరుగా కొలిచారు. 2.02 మైక్రాన్ల పొడవున్న సార్కోమియర్లలో ఎడం, 2.19 మైక్రాన్లకు సాగినప్పుడు ఉండేంతకు తగ్గాలంటే 1 శాతం డెక్స్‌ట్రాన్ చాలింది. కానీ అంతవరకే నొక్కితే కాల్షియం స్పందన పెరగలేదు. పెరగడానికి 6 శాతం కలపాల్సి వచ్చింది, అంటే సాగినప్పటికంటే చాలా ఎక్కువగా నొక్కాలి. దగ్గరతనం ఒక్కటే కారణమన్న మాట నిలవలేదు. ముందటి ఫలితాన్ని కొట్టిపారేయకుండా, ఎంత నొక్కితే ఎంత దగ్గరవుతుందో ఓపిగ్గా కొలవడమే ఈ ప్రయోగం గొప్పతనం.

ఇప్పుడు అందరి చూపూ టైటిన్ మీద ఉంది. మన ఒంట్లోని ప్రోటీన్లలో అతిపెద్దదైన ఇది లావు పోగును సార్కోమియర్ అంచుకు కట్టి ఉంచుతుంది. కండరం సాగినప్పుడు టైటిన్ బిగుసుకుని, లావు పోగుకు అంటుకుని నిద్రపోతున్న మయోసిన్ తలలను పనికి సిద్ధం చేస్తుందన్నది నేటి బలమైన వాదన. గుండె పెద్దదై నీరసించే డైలేటెడ్ కార్డియోమయోపతి వంశపారంపర్యంగా వచ్చినవారిలో దాదాపు నాలుగో వంతు మందికి టైటిన్ జన్యువులోనే లోపం ఉన్నట్టు తేలింది. గుండె కండరం మందమెక్కే మరో జబ్బుకు 2022లో అమెరికా ఆమోదించిన మావాకామ్టెన్, అతిగా పనిచేసే తలలను తిరిగి నిద్రపుచ్చుతుంది. ఆ నిద్ర ఎక్కువైతే గుండె బలమే తగ్గిపోతుంది కాబట్టి ఆ మందు వాడేవారికి ఎకో పరీక్షలు చేస్తూనే ఉంటారు.