తెరచాప పడవ: తిరుగు ప్రయాణపు లెక్క

హైదరాబాదు పడమటి అంచుననున్న గోపన్‌పల్లికి సముద్రము సరళరేఖలో కొలిచినను దాదాపు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను అచటి ఐ.టి. కార్యాలయములలో పనిచేయువారు సెలవులలో విమానమెక్కి గ్రీసుకో, థాయిలాండుకో పోయి, తెరచాప పడవను వారముదినములు అద్దెకు తీసికొని, ద్వీపమునుండి ద్వీపమునకు విహరించుట నేడు అసాధ్యము కాదు. ఇట్టి పడవలను రెండు విధములుగా అద్దెకిత్తురు. సరంగుతో సహా ఇచ్చుట ఒక విధము. పడవను మాత్రము అప్పగించి, నడుపు బాధ్యతను తీసికొన్నవారికే విడుచుట రెండవది. ఈ రెండవ పద్ధతికి గ్రీసు వంటి దేశములలో పడవ నడుపుటకు యోగ్యతాపత్రము చూపవలెను.

పద్ధతి ఏదైనను ఒక సంగతి మారదు. కారును అద్దెకు తీసికొన్నవారు దూరమును పటముపై కొలిచిన చాలును. తెరచాప పడవకు దూరమును నిర్ణయించునది గాలి.

గాలికి ఎదురేగుట ఎట్లు?

గాలి వెనుకనుండి వీచునపుడు పడవ ముందుకు సాగుటలో వింత లేదు. గాలి వచ్చు దిక్కునకు పోవలసివచ్చినపుడే చిక్కు. ఏ తెరచాప పడవయు గాలికి సూటిగా ఎదురుపోజాలదు. కాని గాలి దిశకు సుమారు 45 డిగ్రీల కోణములో ఏటవాలుగా పోగలదు.

బిగించిన తెరచాప పక్షిరెక్క వలె వంపు తిరిగియుండును. దాని వెంట పారు గాలి తన దిశను మార్చుకొనును. తెరచాప గాలిని ఒకవైపునకు మళ్లించుచున్నది గనుక, న్యూటను మూడవ సూత్రము ననుసరించి గాలి తెరచాపను రెండవవైపునకు త్రోయును. ఈ బలములో ఎక్కువ భాగము పడవను ప్రక్కకు నెట్టునదే. కొంతభాగము మాత్రము ముందుకు లాగును. పడవ అడుగున నీటిలోనికి దిగి యొక బరువైన పలక యుండును. దీనిని కీల్ అందురు. ప్రక్కకు జరుగుటను ఈ పలక చాలవరకు అడ్డగించును. ఇక మిగిలిన దారి ముందుకే.

తడిసిన సీతాఫలపు గింజను రెండు వ్రేళ్లనడుమ నొక్కి చూడుడు. వ్రేళ్లు నొక్కునది ప్రక్కలనుండి. గింజ జారిపోవునది ముందుకు. గాలి ఒక వ్రేలు, నీరు రెండవ వ్రేలు అనుకొన్నచో పడవ కదలిక బోధపడును.

పటములో 20, నీటిపై 28

గాలికి ఎదురుగానున్న రేవును చేరవలెనన్న, పడవ కొంతదూరము కుడికి, కొంతదూరము ఎడమకు వంకరటింకరగా పోవలెను. విద్యార్థులు గళ్ల కాగితముపై 20 సెంటీమీటర్ల నిలువుగీత గీసి, దాని క్రింది కొసనుండి పై కొసకు 45 డిగ్రీల ఏటవాలు గీతలతో చేరుదురుగాక. మలుపులు రెండైనను, పదియైనను, ఏటవాలు గీతల మొత్తము పొడవు ఇంచుమించు 28.3 సెంటీమీటర్లే యగును. ఇది 20ని 2 యొక్క వర్గమూలముచే హెచ్చించగా వచ్చిన ఫలము.

సముద్రముపై దూరమును నాటికల్ మైళ్లలో కొలుతురు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగమును ఒక నాట్ అందురు. పడవ వేగము 5 నాట్లనుకొందము. 20 మైళ్ల దూరముననున్న ద్వీపమునకు గాలివాటున పోవుటకు 4 గంటలు చాలును. అదే గాలికి ఎదురుగా తిరిగివచ్చుటకు దాదాపు 5 గంటల 40 నిమిషములు పట్టును. ఉదయము 8 గంటలకు బయలుదేరి, మధ్యాహ్నమునకు చేరి, భోజనము చేసి 2 గంటలకు మరలినవారు రాత్రి 7.40కి గాని రేవు చేరరు. 6 గంటలకే ప్రొద్దుగ్రుంకు కాలమున రాళ్లను, తిన్నెలను చీకటిలో వెదకికొనవలసివచ్చును.

గాలి చేయు మోసము

ఇంకొక చిక్కు కలదు. గాలి 12 నాట్ల వేగమున వీచుచుండగా, దానివెంట 5 నాట్లతో పోవు పడవలోనివారికి తగులునది 7 నాట్ల గాలి మాత్రమే. వారికది పిల్లగాలిగా తోచును. పడవను త్రిప్పి 45 డిగ్రీల కోణములో ఎదురుపోయినపుడు తగులు గాలి దాదాపు 16 నాట్లు. గాలి బలము వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును గనుక, తెరచాపపై నది ఐదు రెట్లకు మించును. పడవ ఒరుగును, అలలు ముందుభాగమును మోదును. వాతావరణము చెడినదని క్రొత్తవారు భయపడుదురు. నిజమునకు గాలి మారలేదు, పడవ దిశ మాత్రమే మారినది.

గ్రీసులోని ఏజియన్ సముద్రముపై వేసవిలో మెల్తెమి అను ఉత్తరపుగాలి వీచును. ఏథెన్సు రేవులనుండి ఆగ్నేయముగానున్న ద్వీపములకు పోవుట దానివలన సుఖముగా నుండును. కాని గడువునాటికి పడవను తిరిగి అప్పగించుటకు ఆ గాలికే ఎదురు రావలెను. కొన్నిదినములు అది తుపాను గాలి వలె విజృంభించి పడవలను రేవులలోనే బంధించును. అందుచే తెలిసినవారు తిరుగు ప్రయాణమునకు ఒకటి రెండు దినములు అదనముగా నుంచుకొందురు. వీలైనచో మొదట గాలికి ఎదురుగా పోయి, అలసిన దినములలో గాలివాటున తిరిగివత్తురు.

తెలుగు తీరమునకు ఋతువులే ప్రధానము. అక్టోబరునుండి డిసెంబరు వరకు బంగాళాఖాతము తుపానుల నెలవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. జనవరినుండి మార్చి వరకు సముద్రము సాధారణముగా నెమ్మదిగా నుండును. చాటు ఎంత ముఖ్యమో కాకినాడ యెదుటనున్న హోప్ ఐలాండు తెలుపును. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన ఈ పొడవైన దిబ్బ బయటి అలలను అడ్డుకొనుటచేతనే దాని లోపల ఓడలు నెమ్మదిగా లంగరు వేయగలుగుచున్నవి.

అప్పగింతవేళ చూడవలసినవి

పడవను అప్పగించుకొనునపుడు ఒక్కొక్కరికి సరిపోవు ప్రాణరక్షక చొక్కా, చుక్కాని పనితీరు, రేడియో, తెరచాపను కుదించు త్రాళ్లు సరిచూడవలెను. అపాయమున పిలుచుటకు రేడియోలో 16వ ఛానలు కలదు. లంగరు గొలుసును పోటునాటి లోతుకు సుమారు ఐదు రెట్లు విడువవలెను. గొలుసు పొట్టిదైనచో లంగరును పైకెత్తి లాగును. పొడవైనదైనచో అడుగున పరుండి అడ్డముగా లాగుటచే లంగరు ఇసుకలో నాటుకొనును.

గోపన్‌పల్లి వాసి ఈ విద్య నేర్చుటకు సముద్రమువరకు పోనక్కరలేదు. సుమారు 18 కిలోమీటర్ల దూరముననున్న హుస్సేన్‌సాగరముపై తెరచాప పడవల శిక్షణ జరుగుచున్నది. ఋతుపవనపు పడమటిగాలి లభించు జులైలో అచట పోటీలు జరుగును. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అను భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము గూడ హైదరాబాదులోనే, ప్రగతినగర్ వద్ద కలదు. అలల ఎత్తును, గాలిని గూర్చిన అంచనాలను అది ప్రకటించుచున్నది.

2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చిన నౌకాదళపు తెరచాప పడవ తారిణిలో ఆరుగురు మహిళాధికారులుండిరి. వారిలో బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదునకు, పి. స్వాతి విశాఖపట్టణమునకు చెందినవారు. ఇల్లు దగ్గరపడిన వేళ చుక్కాని యంత్రము చెడగా, వారు తొందరపడక మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో ఆగి, బాగుచేయించుకొని మరల సాగిరి. వారముదినముల విహారమునకైనను ఇదే పాఠము వర్తించును: తిరిగివచ్చు దారిని లెక్కించిన పిమ్మటనే లంగరు ఎత్తవలెను.