యేసు సహోదరులు ఎవరు?

హనుమంతునిపాడులో మన హాస్టల్లో ఉన్నప్పుడు ఒక ఆదివారం రాత్రి అన్నాల దగ్గర పెద్ద వాదన జరిగింది. యేసుకు నలుగురు తమ్ముళ్ళున్నారని బాప్టిస్టు మిత్రుడన్నాడు. "మరియమ్మ నిత్యకన్య" అంటూ కతోలిక మిత్రుడు కంచం వదిలి లేచాడు. వారం రోజులు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అప్పుడు మాకెవరికీ సంగతి సరిగా తెలియదు.

మార్కు 6:3లో యాకోబు, యోసే, యూదా, సీమోను అని పేర్లున్నాయి. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది వీరిని యోసేపు మరియలకు తరువాత పుట్టిన బిడ్డలంటారు. (లూథరు మాత్రం మరియను నిత్యకన్యగానే నమ్మాడు!) తూర్పు ఆర్థడాక్సు వారు యోసేపు మొదటి భార్య పిల్లలంటారు. క్రీ.శ. 383 ప్రాంతంలో జెరోము, వీరు మరియ సహోదరి కొడుకులని వాదించాడు. కతోలికులు ఆ దారిలోనే దగ్గరి బంధువులంటారు.

మనకిది వింత కాదు. పెద్దమ్మ, చిన్నమ్మ కొడుకులు మనకు అన్నదమ్ములే. మేనత్త కొడుకైతే బావ. కానీ గ్రీకులో ఇలాంటి వరసకు వేరే మాట ఉంది. మార్కు బర్నబాకు ఏమవుతాడో చెప్పేటప్పుడు (కొలొస్స. 4:10) పౌలు దాన్నే వాడాడు. మరి ఇక్కడ ఎందుకు వాడలేదని ప్రొటెస్టెంట్లు అడుగుతారు.

సొంత కొడుకులుంటే సిలువ మీద నుండి తల్లిని శిష్యునికెందుకు అప్పగించాడని (యోహాను 19:27) కతోలికుల ఎదురు ప్రశ్న. తల్లి ఎవరింట్లో ఉండాలన్న పంచాయితీలు ఊళ్ళలో చూసిన మాకు ఇదే బలంగా తోచింది. తమ్ముళ్ళు అప్పటికి ఆయనను నమ్మలేదని (యోహాను 7:5) అవతలివారి జవాబు.

మిత్రులిద్దరూ ఎనిమిదో రోజు మళ్ళీ పక్కపక్కనే కూర్చుని తిన్నారు. వాదన మాత్రం ఫోన్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.